వేసవి ఇంటర్న్‌షిప్పు: మన పూర్వ విద్యార్థిని అనుభవము

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు గావించిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరమును ఈ వేదికపై నుండి పరీక్షా ఫలితములను, ఆటల పోటీల వివరములను మేము చదివి వినిపించుట వాడుక. ఈ యేడు ఆ నివేదికను అచ్చువేసి మీ చేతికే ఇచ్చితిమి. తీరికగా ఇంటివద్ద చదువుకొనవచ్చును. నేడు వేరొక విషయము చెప్పదలచితిమి. గడచిన రెండు మూడేండ్లుగా మీలో చాలమంది మా గదికి వచ్చి అడుగుచున్న ప్రశ్న ఒక్కటే: "సారూ, తెలుగులో చదివిన పిల్లలకు సాఫ్ట్‌వేర్ పని దొరుకుతదా?" ఈ ప్రశ్నకు మేమింతవరకు సరియైన సమాధానము చెప్పలేదు. "ఎందుకు దొరకదు?" అని గట్టిగా అనుటయే గాని, అది ఎట్టి పనియో, ఎట్లు దొరకునో మాకును తెలియదు. మేము తెలుగు, లెక్కలు చెప్పుకొన్నవారము. మాకు తెలియదన్న మాట మీతో అనలేక పోయితిమి. అందువలన జరిగిన నష్టమొకటి కలదు. దానిని కూడ దాచక చెప్పుదుము.

ఈ జిల్లాలో తెలుగు పాఠశాల యేల యున్నదో పెద్దలకు తెలిసినదే అయినను, పిల్లల కొరకు ఒక్క మాట. 1956 నవంబరు 1వ తేదీకి ముందు రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. గద్వాల, ఆలంపురము తాలూకాలు కూడ ఈ జిల్లాలోనే యుండెడివి. భాషను బట్టి రాష్ట్రములను విభజించినపుడు ఆ రెండును ఆంధ్రప్రదేశమునకు పోయినవి. తక్కిన జిల్లా మైసూరు రాష్ట్రమున చేరినది. గీత ఎక్కడ గీసినను దానికి ఇరుప్రక్కల ఇండ్లుండును గదా. ఆ పిమ్మట తుంగభద్ర కాలువల నీటిని నమ్ముకొని తీరాంధ్రము నుండి వచ్చి సింధనూరు, మాన్వి ప్రాంతములలో క్యాంపులు కట్టుకొన్నవారు మరికొందరు. ఈ రెండు తెగల వారి పిల్లలును ఈ బల్లల మీదనే కూర్చున్నారు. బాల్యదశలో మాతృభాషయందు విద్య గరపుటకు తగిన వసతులు కల్పింపవలెనని రాజ్యాంగము 350-ఎ అధికరణము చెప్పుచున్నది. అదియును 1956లో చేర్చబడినదే. 2015 నాటి చట్టము ననుసరించి కన్నడమును మన పిల్లలందరును చదువుచున్నారు. అది భారమని కొందరు తలంతురు. మేమట్లు తలంపము. ఎందులకో ముందు తెలియును.

ఇక విషయమునకు వత్తము. 2019లో మన పాఠశాలయందు పదవ తరగతి ముగించిన బాలిక యొకతె కలదు. తన పేరు చెప్పవలదని కోరినందున చెప్పము. తండ్రి రాయచూరు గంజులో హమాలీ. తల్లి ఇంటిపని గాక పత్తి కాలమున ఏరుటకు పోవును. బాలిక పి.యు.సి. ముగించి ఇచ్చటి ఇంజనీరింగు కళాశాలలో కంప్యూటరు శాస్త్రమున చేరినది.

ఇంటర్న్‌షిప్పు అనగానేమో ముందు చెప్పవలెను. వైద్యము చదివినవారు ఆసుపత్రిలో ఒక సంవత్సరము పనిచేసినట్లును, బి.ఇడి. విద్యార్థులు మన పాఠశాలకు వచ్చి కొన్ని వారములు పాఠములు చెప్పినట్లును, ఇంజనీరింగు విద్యార్థి సెలవులలో ఒక సంస్థకు పోయి నిజమైన పనిలో చేయి వేయుట. బెళగావిలోని విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయము తన పాఠ్యక్రమమున దీనిని విధిగా చేర్చినది. విధి మంచిదే. కాని విధి యున్నచోట వ్యాపారము పుట్టుచున్నది. వేలకొలది పిల్లలకు ఒకే వేసవిలో చోటు కావలెను. చోట్లు అన్ని లేవు. అపుడు కాగితము నమ్మువారు బయలుదేరుదురు.

2023 వేసవిలో ఆ తండ్రి ఒక కరపత్రము పట్టుకొని మావద్దకు వచ్చెను. నలువది యైదు దినములలో ఇంటర్న్‌షిప్పు, సర్టిఫికెట్టు, ఉద్యోగమునకు సిఫారసు. రుసుము 12,000 రూపాయలు. "కట్టమంటరా సారూ?" అని యడిగెను. మేము కరపత్రమును రెండుమారులు చదివితిమి. అచ్చు బాగున్నది, కాగితము నునుపుగా నున్నది. "చదువుకు పెట్టిన సొమ్ము ఎక్కడికి పోదు, కట్టు" అంటిమి. ఆతడు మేస్త్రి వద్ద అడ్వాన్సు తీసికొని కట్టెను. జరిగినదేమనగా, ఫోనులో చూచుటకు కొన్ని వీడియోలు పంపిరి. ప్రశ్న అడిగిన బదులిచ్చు వాడు లేడు. చేయుటకు పని లేదు. నలువది యైదవ దినమున సర్టిఫికెట్టు వచ్చినది. అందు ఆ బాలిక పేరే తప్పుగా నున్నది. మేము ఆ చిరునామాకు స్వయముగా పోతిమి. తలుపునకు తాళము. సొమ్ము తిరిగి రాలేదు. హమాలీ అడ్వాన్సు తీర్చుటకు ఎన్ని బస్తాలు మోయవలెనో మాకంటె మీకే బాగుగ తెలియును. ఆతడు మమ్ము ఒక్క మాట అనలేదు. అనియుండిన కొంత తేలికగా నుండెడిది.

ఒక్కటి మాత్రము నేర్చితిమి. ఇంటర్న్‌షిప్పులో పని చేయువాడు సొమ్ము తీసికొనవలెను, లేదా ఏమియు తీసికొనక పని నేర్వవలెను. సొమ్ము ఎదురు కట్టుట మాత్రము కూడదు. శిక్షణ కావలెనన్న శిక్షణాలయమని పేరుపెట్టి రుసుము తీసికొనువారు కలరు. హైదరాబాదు అమీర్‌పేటలో వీధుల నిండ అవియే. అవి వేరు, అది తప్పు కాదు. శిక్షణకు ఇంటర్న్‌షిప్పని పేరు పెట్టి అమ్ముటయే మోసము.

మరుసటి యేడు ఆ బాలిక ఎవరిని అడుగలేదు. (మమ్మును కూడ అడుగలేదు, అది న్యాయమే.) తానే ముప్పది యొక్క సంస్థలకు దరఖాస్తులు వ్రాసినది. మూడు సమాధానములు వచ్చినవి. వానిలో హైదరాబాదులోని ఒక చిన్న సంస్థ, ఇరువది మందికి మించి పనివారు లేనిది, ఒక లెక్క వంటి పరీక్ష యిచ్చి రెండు దినములలో చేసి పంపుమనెను. "ఇంతకుముందు నీవై చేసినది ఏదైన నున్నదా?" అనియు అడిగెను. దసరా సెలవులలో మన పాఠశాల గ్రంథాలయపు పుస్తకముల పట్టికను ఆమె కంప్యూటరులో ఎక్కించి యిచ్చినది మీలో కొందరికి జ్ఞాపకముండును. అదియే పంపినది. సంస్థవారు ఆమె మార్కుల పట్టిక అడుగలేదట. ఆ పట్టికను ఎట్లు చేసితివో చెప్పుమని అరగంట అడిగిరట. 2024 వేసవిలో ఎనిమిది వారములకు రమ్మనిరి. నెలకు 10,000 రూపాయలు. హాస్టలుకే 7,500 పోయినవి. మిగులు లేదు గాని ఎదురు కట్టినదియు లేదు.

కృష్ణ వంతెన దాటి, మక్తల, మహబూబునగరముల మీదుగా బస్సులో తండ్రియే తీసికొనిపోయి దించి వచ్చెను.

మొదటి వారము ఆమె ఏడ్చినదట. పని కష్టమని కాదు. పని యేదియు చెప్పలేదని. ఇతరులు వ్రాసిన కోడును చదువుమనిరి. వేలకొలది పంక్తులు. కళాశాలలో నేర్పినది సొంతముగా చిన్న ప్రోగ్రాము వ్రాయుట. ఇచ్చట పదిమంది పదేండ్లుగా వ్రాసినదానిని అర్థము చేసికొనవలెను. ఇంటికి ఫోను చేసి "నాన్నా, నన్ను ఊరికే కూసోబెట్టిన్రు" అనినది. ఆతనికి నిరుటి భయము తిరిగి పుట్టెను. మాతో చెప్పెను. మాకును భయమే. తరువాత తెలిసినదేమనగా, చదువుటయే మొదటి పని. మనము పిల్లలకు వ్యాసము వ్రాయుట నేర్పుటకు ముందు పాఠ్యపుస్తకము చదివింపమా?

రెండవది ఇంగ్లీషు. ప్రతిదినము ఉదయము పది గంటలకు అందరును నిలువబడి, నిన్న ఏమి చేసితిని, నేడేమి చేయుదును, అడ్డమేమి వచ్చినది, అని మూడు మాటలు చెప్పవలెను. పది నిమిషముల తంతు. ఆ పది నిమిషములకై ఆమె ముందటి రాత్రి మూడు వాక్యములు తెలుగున వ్రాసికొని, ఇంగ్లీషు చేసి, కంఠస్థము చేసెడిది. మూడవ వారమునకు గాని అచ్చటి సగము మంది తెలుగు, ఇంగ్లీషు కలిపియే మాటలాడుచున్నారని గుర్తింపలేదు, భయములో వినబడలేదట. ఇచ్చట మా తప్పు కలదు. పదవ తరగతి వరకు ఇంగ్లీషును మేము వ్రాయించితిమి, చదివించితిమి, మాటలాడింపలేదు. పి.యు.సి. మొదటి యేడు ఆ బాలిక భౌతికశాస్త్రము అర్థము కాక కాదు, అధ్యాపకుని ఇంగ్లీషు అందక వెనుకబడినది. తెలుగు మాధ్యమము వలననే ఆమె ఇంజనీరు కాగలిగినదని మేము చెప్పబోము. ఆమె దానివలన కొన్ని కష్టములు పడినది. ఒక ఉపకారమును పొందినది. ఆ ఉపకారమును గురించియే యిప్పుడు చెప్పవలెను.

ఆ సంస్థ చేయునది పత్తి మిల్లులకు, ధాన్యపు మిల్లులకు తూకపు లెక్కల సాఫ్ట్‌వేర్. బండి కాటా యెక్కగానే తూకము కంప్యూటరులో పడును. రైతు పేరు, ఊరి పేరు, బరువు గల చీటీ అచ్చగును. సరిహద్దుకు ఇరుప్రక్కల వారి ఖాతాదారులు కలరు. వేసవిలో పత్తి రాదు. కావున కాలము మొదలు కాకముందే పోయిన సంవత్సరపు ఫిర్యాదులను సవరింతురు. ఫిర్యాదుల పట్టికలో చాలకాలముగా నున్నది ఒకటి: "కొన్ని ఊర్ల పేర్లు విరిగి పడుచున్నవి." ఎవరును దానిని ముట్టలేదు. హైదరాబాదులో గద్వాల పేరు వేసి చూతురు, సరిగా పడును. మాన్వి పేరు వేసి చూతురు, సరిగా పడును. లోపము లేదని మూసివేయుదురు. మరల ఫిర్యాదు వచ్చును. తెలుగు, కన్నడము రెండును చదువగలది కదా అని ఈ బాలికకు ఆ పని అప్పగించిరి.

ఆమె మొదట తండ్రికి ఫోను చేసినది. "నాన్నా, గంజుల చీటీ మీద ఏమేమి ఉంటదో జర చదివి చెప్పు." ఆతడు మరునాడు నాలుగైదు చీటీలు పోగుచేసి ఒక్కొక్కటియే చదివి వినిపించెను, ఫోటోలు తీయించి పంపెను. చీటీ ఎంత వెడల్పో, ఏ అడతిదారు చీటీ ఎట్లుండునో, హమాలీ ఎక్కడ వ్రాయుదురో, తరుగు ఎక్కడ తీయుదురో అంతయు చెప్పెను. ఆ సంస్థలో ఇరువది మందిలో ఒక్కడును గంజులో నిలబడి చీటీ చూచినవాడు కాడు. ఆ చీటీలలో రాయచూరు అన్న పేరు "రాయచూర" అని నిలిచి, చివర నల్లని గుర్తొకటి పడియున్నది. కొమ్ము లేదు. సింధనూరు "సింధనూ" వద్ద, దేవదుర్గ "దేవదుర" వద్ద, లింగసుగూరు "లింగసు" వద్ద తెగినవి.

ఇది యెట్లు జరిగినదో ఆమె మాకు నల్లబల్లమీద వ్రాసి చెప్పినది. మాకర్థమైనంత మీకు చెప్పుదుము. పిల్లలారా, మీరును వినుడు. ఇది లెక్కల పాఠమే.

కంప్యూటరునకు అక్షరములు తెలియవు, అంకెలే తెలియును. కావున ప్రపంచ భాషలలోని ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య నిచ్చిరి. ఆ ఏర్పాటునకు యూనికోడ్ అని పేరు. దాని తొలి కూర్పు 1991లో వెలువడినది. భారతీయ లిపులను అందు కూర్చుటకు మన దేశమున 1988లో ఏర్పరచిన ఇస్కి యను పద్ధతిని ఆధారము చేసికొనిరి. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 గడులు. దాని ప్రక్క యింటిలోనే, 3200 మొదలు 3327 వరకు, కన్నడము. నడుమ గోడ తప్ప మరేమియు లేదు. వరుస కూడ ఒక్కటియే. తెలుగు "అ" 3077. కన్నడపు "అ" 3205. తెలుగు "క" 3093. కన్నడపు "క" 3221. తీసివేసి చూడుడు, రెండు చోట్లను 128. ఏ కొలదియో అక్షరములు తప్ప, తెలుగు అక్షరపు సంఖ్యకు 128 కలిపిన కన్నడాక్షరము వచ్చును. మన వీధులలో ఇండ్లు ఎట్లున్నవో కంప్యూటరులో అక్షరములును అట్లే యున్నవి.

ఇక కొమ్ములు, గుడులు, వత్తులు. చూచువారికి గద్వాల అన్న పేరున గ, ద్వా, ల అని మూడే అక్షరములు. కంప్యూటరు మాత్రము మన పాత పెద్దబాలశిక్ష పంతులు వలె విడదీసి లెక్కించును: గ, ద, పొల్లు, వ, దీర్ఘము, ల. ఆరు. రాయచూరు నట్లే విడదీసిన ర, దీర్ఘము, య, చ, కొమ్ముదీర్ఘము, ర, కొమ్ము. ఏడు. ఇంగ్లీషులోను ఆ ఊరి పేరునకు ఏడే అక్షరములు. ఇంతవరకు సమానమే. కాని దాచుకొనుటలో తేడా కలదు. నేడు ఎక్కువగా వాడుకలోనున్న పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు, అనగా ఒక్క గడి, చాలును. తెలుగు, కన్నడములకు ఒక్కొక్కదానికి మూడేసి గడులు కావలెను. ఇంగ్లీషు రాయచూరునకు 7 గడులు. మన రాయచూరునకు 21.

ఆ సాఫ్ట్‌వేర్ తొలుత వ్రాసినవారు ఊరి పేరునకు 20 గడులు ఉంచిరి. ఇంగ్లీషు పేర్లకు ధారాళముగ చాలును. గద్వాలకు 18, మాన్వికిని 18, అవి పట్టినవి. రాయచూరునకు ఒక్క గడి తక్కువైనది. ఆ ఒక్క గడితో కొమ్ము పోయినది. పరీక్షించిన వారి దురదృష్టమో, మన అదృష్టమో, వారు తీసికొన్న రెండు పేర్లును పొట్టివే!

కారణము కనుగొనుటకు ఆమెకు తొమ్మిది దినములు పట్టినది. సవరణ పదునాలుగు పంక్తులు. గడులు పెంచిన చాలదా యని ఒకడు అడిగెనట. చాలదు, చీటీ కాగితము సన్ననిది, ఎక్కడనో ఒకచోట పేరు కత్తిరింపక తప్పదు. కత్తిరించునపుడు అక్షరము నడుమ కాక అక్షరము చివర కత్తిరింపవలెను. ద్వా లో ద ను ఉంచి వా ను తీసివేసిన చదువువానికి అది ఊరి పేరు కాదు. గుణింతము, ఒత్తులు చిన్ననాట వ్రాసి వ్రాసి చేతులు నొచ్చిన పిల్ల గనుక ఎక్కడ విరువవచ్చునో, ఎక్కడ విరువరాదో ఆమెకు వేరే చెప్పనక్కరలేక పోయినది. ఉపకారమని మేము చెప్పినది ఇదియే. చిన్నదే. కాని ఆ గదిలో మరెవరికిని అది లేదు. కన్నడము చదివిన కన్ను కూడ లేదు.

ఆమె వ్రాసినది నేరుగా అంగీకరింపలేదు. అచ్చటి పద్ధతి యేమనగా, ఎవరు వ్రాసినను మరొకరు పంక్తి పంక్తి చదివి వ్యాఖ్యలు వ్రాసి తిప్పిపంపుదురు. మొదటిమారు పదునేడు వ్యాఖ్యలతో తిరిగి వచ్చినది. మేము ఎర్ర సిరాతో దిద్దిన కాపీ పుస్తకమే జ్ఞప్తికి వచ్చినదట. తేడా ఒక్కటి: అచ్చట సంస్థ యజమాని వ్రాసినదానికిని వ్యాఖ్యలు వ్రాయుదురు. ఈ మాట విన్న మా సహోపాధ్యాయులొకరు మా ముఖము చూచి నవ్విరి. 128 కలిపి ఊర్ల పేర్లను కన్నడము చేయు ఉపాయమును ఆమె చెప్పగా, పైవారు మెచ్చుకొనియు ఒక హెచ్చరిక చేసిరట: లిపి మార్చుట వేరు, భాష మార్చుట వేరు. రాయచూరు రెండింటను రాయచూరే. కాని మన "తూకం" కన్నడమున "తూక". కావున పేర్లకు మాత్రమే ఆ ఉపాయము, తక్కిన మాటలకు కన్నడము తెలిసినవారే చూడవలెనని నిర్ణయించిరి. ఆ చూచు పనియు ఆమెకే పడినది. రెండవ భాష భారమనువారు ఈ సంగతి ఆలోచింపవలెను.

నడుమ ఒక అపచారము కూడ జరిగినది. అయిదవ వారమున ఆమె చేసిన మార్పు వలన నమూనా చీటీలన్నియు తెల్లకాగితములై వచ్చినవి. పని పోయినదే యనుకొని సంచి సర్దుకొన్నది. పై ఉద్యోగిని వచ్చి, "ఏమి జరిగినదో, ఎట్లు జరిగినదో ఒక పుట వ్రాయుము, ఎవరు చేసిరో వ్రాయనక్కరలేదు" అనినదట. ఆ పుట నేటికిని వారి వద్ద క్రొత్తవారికి చదువనిత్తురట. తప్పుచేసిన పిల్లవానిని బల్లపై నిలువబెట్టిన దినములు మాకును గుర్తునకు వచ్చినవి. అంతకన్న చెప్పము.

చివరి రెండు వారములు రైతు ఫోనునకు పోవు సందేశము మీద పనిచేసినది. ఇందును ఇట్టి చిక్కే. ఒక సందేశమున ఇంగ్లీషైన 160 అక్షరములు పట్టును. తెలుగైనను కన్నడమైనను 70 మాత్రమే. మించిన రెండు సందేశముల వెల. అందుచేత సంస్థవారు ఇంగ్లీషుననే పంపుచుండిరి. రైతు దానిని ఎవరిచేతనో చదివించుకొనుచుండెను. ఈ పిల్ల కూర్చుండి వ్రాసినది: "మీ పత్తి తూకం 12 క్వింటాళ్ల 40 కిలోలు. చీటీ 318." పొల్లులు, కొమ్ములు, ఖాళీలు అన్నియు కలిపి 48. మేమును లెక్కించి చూచితిమి, సరిపోయినది. సంక్షేప లేఖనమునకు పదవ తరగతిలో మేము ఈమెకు పదికి ఆరు మార్కులే వేసితిమని గుర్తు.

ఎనిమిది వారములు ముగిసిన పిమ్మట ఉద్యోగము అచ్చటనే దొరకినదా యని మీరడుగుదురు. లేదు. ఖాళీ లేదనిరి. ఒక ఉత్తరము మాత్రము ఇచ్చిరి; అందు ఆమె ఏమి చేసినదో నాలుగు వాక్యములలో వ్రాసి యున్నది, పేరును తప్పులేక యున్నది. 2025లో చదువు ముగిసిన తరువాత ఆరు మాసములు ఇంటివద్దనే యున్నది. పరీక్షలు వ్రాసినది, కొన్ని తప్పినది. తుదకు బెంగుళూరులో ఉద్యోగము దొరకినది. అచ్చట ఆమెను అడిగిన మొదటి ప్రశ్న ఆ తెగిన కొమ్మును గురించియే నట.

తల్లిదండ్రులకు ఉపయోగపడు రెండు మూడు సంగతులు చెప్పి ముగింతుము. ఇల్లు కదలక చేయదగిన వేసవి పనులును కలవు. గూగుల్ సంస్థవారు 2005లో ప్రారంభించిన "సమ్మర్ ఆఫ్ కోడ్" అట్టిది. అందరును ఉచితముగ వాడుకొను సాఫ్ట్‌వేర్ల మీద, అనుభవజ్ఞుల పర్యవేక్షణమున పనిచేయుదురు, పారితోషికము నిత్తురు. 2022 నుండి విద్యార్థులు కానివారికిని ప్రవేశము కల్పించిరి. పోటీ చాల ఎక్కువ. హైదరాబాదులోని "స్వేచ్ఛ" సంస్థవారు వేలాది ఇంజనీరింగు విద్యార్థుల తోడ్పాటుతో తెలుగు కథల పుటలు సరిచూపించి, తెలుగున కథ చెప్పు కృత్రిమ మేధకు పునాది వేసిరి. దానికి "చందమామ కథలు" అని పేరిడిరి. అట్టి పనిలో మన పిల్లల తెలుగు అక్కరకు రాకుండునా? ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్పు పథకమును గురించి పలువురు అడిగిరి. అది 2024 జూలైలో కేంద్ర బడ్జెటున ప్రకటింపబడినది; నెలకు 5,000 రూపాయలు, ఒకమారు 6,000 రూపాయలు అనిరి. కాని 2024లో ప్రకటించిన నియమముల ప్రకారము పూర్తికాలము కళాశాలలో చదువుచున్నవారికి అది వర్తింపలేదు. చదువు ముగించి, 21 మొదలు 24 ఏండ్ల వయసున నున్నవారికి అపుడు అవకాశముండెను. 2019లో ప్రారంభమైన ట్రిపుల్ ఐ.టి. మన ఊరిలోనే కలదు, 2020 నాటి చట్టము దానికి జాతీయ ప్రాముఖ్యము గల సంస్థ యను హోదా నిచ్చినది. అందు చేరుట కష్టమే. అయినను ఆ ద్వారము ముందుగా మన పిల్లలలో ఎందరు నడచిపోవుచున్నారో, లోన ఏమున్నదో వారికి తెలియదు. ఈ యేడు ఎనిమిదవ తరగతి వారిని చూపించుటకు అనుమతి కోరుచు లేఖ వ్రాసితిమి.

మా వంతు మాటలు. సంఘమున మాధ్యమము మార్పు విషయము చర్చకు రానున్నది. మీ అభిప్రాయము మీరు చెప్పుడు, మేము అడ్డుపడము. మాధ్యమము ఏదైనను, ఈ జూన్ నుండి ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు వారమునకు నాలుగు దినములు ఇంగ్లీషు మాటలాడు గంట యుండును. ఆ గంటలో పుస్తకము తెరువరాదు. కంప్యూటరు గదిలో తెలుగు, కన్నడము టైపు చేయుట నేర్పుదుము. మరియొకటి. ఇంటర్న్‌షిప్పు పేరిట ఎవరికైనను ఒక్క రూపాయి కట్టుటకు ముందు ఆ కాగితము మావద్దకు తెండు. ఈసారి మాకు తెలియనిచో తెలియదని చెప్పి, ఆ బాలికకు ఫోను చేసి అడుగుదుము. ఆమె ఒప్పుకొన్నది. ఆదివారములు మాత్రమే చేయుమన్నది.

క్రొత్త చీటీ యొకటి, ఆమె తండ్రి తెచ్చియిచ్చినది, మా గదిలో గోడకు అంటించి యున్నది. రాయచూరు కొమ్ముతో సహా నిండుగా నున్నది. తేనీరు త్రాగుటకు పోవునపుడు చూడవచ్చును. అయిదవ తరగతి పిల్లలు కోలాటపు దుస్తులతో చాల సేపటి నుండి తెర వెనుక నిలబడియున్నారు. వారిని ఇక ఆపుట భావ్యము కాదు.